టెస్టోస్టిరాన్ తగ్గేది వయసు వల్లా, పొట్ట వల్లా?

నలభై దాటిన మగవాళ్ల కోసం ల్యాబులు అమ్మే ‘ఫుల్ బాడీ చెకప్’ ప్యాకేజీల్లో షుగరు, కొలెస్టరాల్, థైరాయిడ్‌ల సరసన ఇప్పుడు మరో పరీక్ష కనిపిస్తోంది. అది టోటల్ టెస్టోస్టిరాన్. యాభైకి దగ్గరపడుతున్న ఓ ఉద్యోగిని ఊహించుకోండి. పెళ్లినాడు 30 ఉన్న ప్యాంటు సైజు ఇప్పుడు 38. రాత్రి గురక, పగలు కునికిపాట్లు. సాయంత్రానికి ఒంట్లో సత్తువ ఉండదు. ఎవరితోనూ చెప్పుకోలేని ఇబ్బంది ఒకటి పడకగదిలో మొదలైంది. రిపోర్టు వచ్చింది. టెస్టోస్టిరాన్ డెసిలీటరుకు 250 నానోగ్రాములని, పక్కనే కిందికి చూపే బాణం గుర్తు వేసి ఉంది. ఫోన్‌లో వెతికితే దానికి ‘ఆండ్రోపాజ్’ అనే పేరు దొరుకుతుంది. ఆడవాళ్లకు మెనోపాజ్ ఎలాగో మగవాళ్లకు ఇది అలాగని, వయసు మీదపడితే ఎవరికైనా తప్పదని వివరణ దొరుకుతుంది. ఆ కిందే మందూ దొరుకుతుంది: ఇంజెక్షను, జెల్లు, లేదంటే శిలాజిత్తు డబ్బా.

రిపోర్టు పది పేజీలున్నా అందులో సాధారణంగా కనపడని అంకె ఒకటుంది. అది అతని నడుము చుట్టుకొలత.

వయసుతో ఈ హార్మోను తగ్గదని ఎవరూ అనరు. అయితే నలభైల్లో, యాభైల్లో కనిపించే తగ్గుదలలో వయసు వాటా ఎంత, వయసుతోపాటు ఒంట్లో పేరుకున్న కొవ్వు వాటా ఎంత అని అడగకుండా ఇంజెక్షను దాకా వెళ్లడం తప్పు. ఈ ప్రశ్నకు గత పాతికేళ్ల పరిశోధనలు చాలావరకు జవాబు ఇచ్చాయి. హార్మోను అమ్మేవాళ్లకు ఆ జవాబు అంతగా రుచించకపోవచ్చు.

ఈ హార్మోను కథ మొదటినుంచీ సైన్సుతో ఎంత ముడిపడి ఉందో ఆశతోనూ అంతే ముడిపడి ఉంది. జర్మనీలోని గోటింగెన్‌లో ఆర్నాల్డ్ బెర్తోల్డ్ 1849లో కోడిపుంజుల వృషణాలు తీసేసి, కొన్నింటికి వాటిని కడుపులో తిరిగి అమర్చి చూశాడు. అమర్చిన పుంజులకు ఎర్రటి తురాయి పెరిగింది, కూత వచ్చింది, అవి పోట్లాటకు దిగాయి. వృషణాలు రక్తంలోకి ఏదో వదులుతున్నాయని అర్థమైంది. నలభై ఏళ్ల తర్వాత, 1889లో, పారిస్‌లో పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త బ్రౌన్ సెకార్డ్ తన 72వ ఏట కుక్కల, గినీ పందుల వృషణాల నుంచి తీసిన రసాన్ని తనకు తానే ఇంజెక్షను చేసుకున్నాడు. బలం తిరిగి వచ్చిందని, మెట్లు పరుగున ఎక్కగలుగుతున్నానని చెప్పుకున్నాడు. ఆ రసానికి ఐరోపాలో, అమెరికాలో గిరాకీ పెరిగిపోయింది. 2002లో ఆస్ట్రేలియా పరిశోధకులు ఆయన పద్ధతిలోనే రసం తీసి కొలిచి చూస్తే, శరీరం మీద ఏ ప్రభావమూ చూపలేనంత స్వల్పంగా ఉంది అందులోని టెస్టోస్టిరాన్. ముసలాయన చేత మెట్లెక్కించింది నమ్మకమే. అసలు హార్మోనును 1935లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎద్దుల వృషణాల నుంచి వేరు చేశారు. అదే ఏడాది బుటెనాంట్, రుజిచ్కా దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. అప్పటినుంచి ఇది మందే. కొందరికి చాలా అవసరమైన మందు కూడా. ఎవరికి అవసరమన్నదే తేలాల్సిన సంగతి.

శరీరంలో ఈ హార్మోను తయారీ ఒక గొలుసు పద్ధతిలో నడుస్తుంది. మెదడు అడుగున ఉన్న హైపోథాలమస్ సంకేతం పంపితే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోనును వదులుతుంది. అది వృషణాల్లోని లేడిగ్ కణాలను తట్టి లేపితే టెస్టోస్టిరాన్ తయారవుతుంది. రక్తంలో అది చాలినంత ఉందని తెలియగానే పైనున్న మెదడు వేగం తగ్గించుకుంటుంది. కాబట్టి టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించినప్పుడు లోపం కింద ఉందా, పైన ఉందా అని చూడాలి. వృషణాలే అలిసిపోతే పిట్యూటరీ వాటిని గట్టిగా అదిలిస్తుంది, రక్తంలో ఎల్‌హెచ్ పెరుగుతుంది. మెదడు నుంచే ఆజ్ఞ సరిగా రాకపోతే ఎల్‌హెచ్ పెరగదు, తక్కువగానో మామూలుగానో ఉండిపోతుంది.

ఈ చిన్న తేడా దగ్గరే వయసుకీ బరువుకీ దారులు విడిపోతాయి. ఐరోపాలోని ఎనిమిది నగరాల్లో 40 నుంచి 79 ఏళ్ల మధ్య ఉన్న 3,369 మంది పురుషులతో ‘యూరోపియన్ మేల్ ఏజింగ్ స్టడీ’ అనే పెద్ద అధ్యయనం జరిగింది. 2010లో వెలువడిన దాని విశ్లేషణ ప్రకారం వృషణాలు అలిసిపోయిన రకం లోపం 2 శాతం మందిలో ఉంది, దానికి వయసుతో సంబంధం ఉంది. మెదడు ఆజ్ఞ మందగించిన రకం దాదాపు 12 శాతం మందిలో ఉంది, దానికి ఊబకాయంతో సంబంధం ఉంది. అంటే వయసు ఖాతాలో రాయదగ్గ లోపంకన్నా, బరువు ఖాతాలోకి వెళ్లేది సుమారు ఆరు రెట్లు ఎక్కువ.

అదే అధ్యయనం మరో లెక్కా తేల్చింది. హార్మోను అంకె తక్కువగా ఉండటంతోపాటు కోరిక తగ్గడం, అంగస్తంభన సమస్య వంటి మూడు లైంగిక లక్షణాలు కలిసి ఉంటేనే వయసుతో వచ్చిన లోపంగా లెక్కిస్తే, అలాంటి వాళ్లు మొత్తంలో 2.1 శాతమే ఉన్నారు. నలభైల్లో ఉన్నవాళ్లలో వెయ్యికి ఒకరు. డెబ్బైల్లో ఉన్నవాళ్లలో కూడా వందకు ఐదుగురే. మెనోపాజ్‌తో పోలిక ఇక్కడే చెల్లకుండా పోతుంది. ఆడవాళ్లలో అండాశయాల పని కొద్ది ఏళ్లలో ఆగిపోతుంది, అది అందరికీ వస్తుంది. మగవాళ్లలో అలాంటి మలుపు ఏదీ లేదు. ‘ఆండ్రోపాజ్’ అన్న పదం వినసొంపుగా ఉందని నిలిచిపోయింది గానీ, అది సూచించే సంఘటన మగవాళ్ల శరీరంలో జరగదు.

మరి ఏడాదికేడాది తగ్గుతుందని అన్నిచోట్లా రాస్తారే, అదెక్కడిది? అమెరికాలో 1987 నుంచి సాగిన మసాచుసెట్స్ అధ్యయనంలో 40 నుంచి 70 ఏళ్ల వయసువాళ్లు 1,709 మంది మొదట చేరారు. వాళ్లను ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పరీక్షిస్తే టోటల్ టెస్టోస్టిరాన్ ఏటా 1.6 శాతం చొప్పున తగ్గింది. ఈ ఒక్క అంకె ప్రపంచమంతా తిరిగింది. అదే అధ్యయనం నుంచి 2007లో వచ్చిన మరో ఫలితానికి మాత్రం అంత ప్రచారం రాలేదు. ఈ ఏళ్లలో మనిషి జీవితంలో ఏమేం మారాయో పక్కన పెట్టుకుని చూస్తే, బీఎంఐ 4, 5 యూనిట్లు పెరిగినవాళ్లలో హార్మోను ఎంత తగ్గిందో లెక్కిస్తే, అది పదేళ్ల వయసు పైబడినంత తగ్గుదలకు సమానమైంది. అయిదున్నర అడుగుల మనిషికి 4, 5 యూనిట్లంటే 11 నుంచి 14 కిలోలు. ఉద్యోగంలో చేరినప్పటి ఫొటోనీ ఇప్పటి ఫొటోనీ పక్కపక్కన పెడితే చాలామందిలో కనిపించే తేడాయే అది.

ఆ జాబితాలో ఇంకో అంశమూ ఉంది. భార్యను కోల్పోయినవాళ్లలోనూ ఇంచుమించు అంతే తగ్గుదల కనిపించింది. ఏ జెల్లు ప్రకటనలోనూ కనిపించని విషయమిది. ఇల్లాలు పోయాక వేళకు తిండి లేక, నిద్ర పట్టక, మాట్లాడే మనిషి లేక కుంగిపోయిన పెద్దాయన రక్తంలో ఈ హార్మోను తక్కువగా ఉంటే, తగ్గినది హార్మోను ఒక్కటేనని అనగలమా?

వయసునే నిందితుడిగా నిలబెట్టే వాదానికి మరో రెండు అధ్యయనాలు అడ్డం తిరుగుతాయి. ఆస్ట్రేలియాలో ఆరోగ్యం చాలా బాగుందని చెప్పుకున్న, నలభై దాటిన 325 మంది మగవాళ్ల రక్తాన్ని మూడు నెలల్లో తొమ్మిదిసార్లు తీసి చూశారు. 2012లో వెలువడిన ఫలితం: వాళ్లలో వయసుతో టెస్టోస్టిరాన్ తగ్గలేదు. కొద్దిగా తగ్గించినట్టు కనిపించినవాటిలో ఊబకాయం ఒకటి. అంతకు పదేళ్ల ముందు అమెరికా, కాంగో, నేపాల్, పరాగ్వే దేశాల మగవాళ్ల లాలాజలంలో ఇదే హార్మోనును కొలిచారు. వయసుతో వచ్చే తగ్గుదల అన్ని చోట్లా ఒకేలా లేదు. అమెరికన్లలో బాగా నిటారుగా ఉంది, ఎందుకంటే అక్కడి యువకుల్లో మొదటే ఎక్కువగా ఉంది. వయసు పైబడినవాళ్ల దగ్గరికి వచ్చేసరికి నాలుగు దేశాలవాళ్లూ ఇంచుమించు ఒకే స్థాయిలో ఉన్నారు. తిండి పుష్కలంగా దొరికే యౌవనంలో ఎక్కడం ఎక్కువ, కాబట్టి దిగడమూ ఎక్కువ. అమెరికాలో గీసిన గీతను తెచ్చి నేపాల్ కొండల్లో బరువు మోసే రైతుకో, కోనసీమలో కొబ్బరి దింపే కార్మికుడికో అతికించడం కుదరదన్నమాట.

కొవ్వు ఈ పని ఎలా చేస్తుందన్నదే ఇందులో ఆసక్తికరమైన భాగం. పొట్ట లోపల, పేగుల చుట్టూ, కాలేయంలో పేరుకున్న కొవ్వు ఊరికే కూర్చోదు. దానివల్ల ఇన్సులిన్ సరిగా పనిచేయదు, శరీరం మరింత ఇన్సులిన్ వదులుతుంది. ఆ స్థితిలో కాలేయం ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్‌ను తక్కువగా తయారుచేస్తుంది. రక్తంలో టెస్టోస్టిరాన్‌లో పెద్ద వాటాను మోసుకుతిరిగే బండి అదే. బళ్లు తగ్గితే సరుకు మొత్తం లెక్కలో తగ్గినట్టు కనిపిస్తుంది. కానీ బండి దిగి కణాల్లోకి వెళ్లగలిగే ‘ఫ్రీ’ టెస్టోస్టిరాన్ మాత్రం చాలామందిలో మామూలుగానే ఉండొచ్చు. పై ఉద్యోగి రిపోర్టులోని 250 అలాంటిదే కావచ్చు. కొరత కణాల దాకా చేరిందో లేదో టోటల్ అంకె ఒక్కటీ చెప్పలేదు. విచిత్రంగా, వయసు మాత్రం ఎస్‌హెచ్‌బీజీని పెంచుతుంది. అందుకే పెద్దవయసులో బక్కగా ఉన్నవాళ్లలో టోటల్ అంకె బాగానే ఉండి, ఫ్రీ తగ్గి ఉండే పరిస్థితీ వస్తుంది.

బరువు మరీ పెరిగితే ఫ్రీ టెస్టోస్టిరాన్ కూడా నిజంగానే పడిపోతుంది. కొవ్వు కణజాలంలోని ఆరోమటేజ్ అనే ఎంజైము టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మారుస్తుందని, అది మెదడు సంకేతాన్ని అణచేస్తుందని పుస్తకాలు చెబుతాయి. చక్కటి వివరణే, కానీ అన్నిచోట్లా నిలవదు. అమెరికాలోని బఫెలోలో పరేశ్ డాండోనా, సందీప్ ధింద్సాల బృందం 2004లో టైప్ 2 మధుమేహం ఉన్న 103 మంది మగవాళ్లను పరీక్షిస్తే మూడో వంతు మందిలో ఫ్రీ టెస్టోస్టిరాన్ తక్కువగా తేలింది. ఎల్‌హెచ్ పెరగలేదు, అంటే ఆజ్ఞే మందగించింది. ఆ తర్వాత ఇలాంటి రోగుల్లోనే ఈస్ట్రోజెన్ కొలిస్తే అది ఎక్కువగా లేదు, తక్కువగానే ఉంది. కాబట్టి మెదడును మందగింపజేసేది ఈస్ట్రోజెన్ ఒక్కటే కాదు. ఇన్సులిన్ నిరోధకత, కొవ్వు నుంచి వచ్చే వాపు కారకాలు, లెప్టిన్ సంకేతం గాడి తప్పడం, వీటన్నిటికీ పాత్ర ఉందని ఇప్పటి అవగాహన.

గురకనూ ఇందులో చేర్చాలి. మెడ చుట్టూ కొవ్వు పేరుకుంటే నిద్రలో శ్వాస ఆగి ఆగి నడుస్తుంది, నిద్ర ముక్కలవుతుంది. టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారయ్యేదే నిద్రలో. షికాగోలో ఆరోగ్యవంతులైన పదిమంది యువకులను వారం రోజులపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే పగటిపూట వాళ్ల టెస్టోస్టిరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయిందని 2011లో తేలింది. పదిమందితో చేసిన చిన్న ప్రయోగమే, కానీ నైట్ షిఫ్టులు చేసే నగరాల్లో గుర్తుపెట్టుకోదగ్గది.

అయితే ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. హార్మోను తగ్గడం వల్లే పొట్ట వచ్చిందేమో? కొంత నిజం. ప్రోస్టేట్ క్యాన్సర్ చికిత్సలో భాగంగా టెస్టోస్టిరాన్‌ను అణచేసినవాళ్లలో ఏడాది తిరక్కుండానే కొవ్వు పెరిగి, కండ తగ్గుతుంది. అంటే బాణం రెండు వైపులా ఉంది. కానీ రెండు వైపులా ఒకే బలంతో ఉందా? పుట్టుకతో వచ్చిన జన్యు తేడాల ఆధారంగా ఏది కారణం, ఏది ఫలితం అని విడదీసే పద్ధతి ఒకటుంది. 2017లో ఆ పద్ధతిలో చేసిన విశ్లేషణలో, బరువు పెంచే జన్యువులు ఉన్నవాళ్లలో టెస్టోస్టిరాన్ తక్కువగా కనిపించింది. టెస్టోస్టిరాన్‌ను తగ్గించే జన్యువులు బరువు పెంచుతాయనడానికి మాత్రం ఆధారం దొరకలేదు. మామూలు జీవితంలో ఎక్కువమందికి వర్తించే దిశ పొట్ట నుంచి హార్మోను వైపే.

హైదరాబాద్‌కు ఈ కథలో సొంత వాటా ఉంది. జాతీయ పోషకాహార సంస్థ జంతుశాలలో తొంభైల్లో పుట్టుకొచ్చిన ఊబకాయపు ఎలుకల జాతి ప్రపంచ పరిశోధనల్లో పేరు తెచ్చుకుంది. ఆపకుండా తినే, ఒళ్లంతా కొవ్వు పట్టే ఆ ఎలుకల్లో ఇన్సులిన్ ఎక్కువ. వాటికి సంతానం కలగదు. ఆ జాతిని నిలబెట్టడానికి సన్నగా ఉండి జన్యువును మోసుకొచ్చే తోబుట్టువులను జతకట్టించాల్సి వచ్చింది. ఎలుకలో జన్యు లోపం వల్ల జరిగినది మనుషుల్లో అచ్చుగుద్దినట్టు జరుగుతుందని కాదు. కానీ అదుపు లేని కొవ్వుకూ సంతాన వ్యవస్థకూ ఉన్న బంధం అక్కడ కళ్లకు కట్టింది.

భారతీయుల విషయంలో బీఎంఐ మీద ఆధారపడటంలోనూ మోసం ఉంది. 2004లో ‘లాన్సెట్’ పత్రికలో ఇద్దరు వైద్యుల ఫొటో ఒకటి వచ్చింది. పుణెకు చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ సరిగ్గా 22.3. యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం. సన్నగా కనిపిస్తూనే లోపల కొవ్వు దాచుకునే ఈ శరీరతత్వం దక్షిణాసియా వాళ్లలో ఎక్కువ. అందుకే భారతీయులకు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే ఊబకాయం అని, మగవాళ్ల నడుము 90 సెంటీమీటర్లు దాటితే ప్రమాదమని ఇక్కడి వైద్య నిపుణులు 2009లోనే గీత గీశారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో బీఎంఐ 25 దాటిన మగవాళ్ల వాటా నాలుగో సర్వేలో 18.9 శాతం ఉంటే, 2019–21 నాటి ఐదో సర్వేకి 22.9 శాతమైంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో అది మూడో వంతుకు చేరువలో ఉంది. ఈ సర్వేలో ఉన్నవాళ్లు యాభై ఏళ్ల లోపువాళ్లే. వీళ్లంతా ఇంకో పదేళ్లలో టెస్టోస్టిరాన్ పరీక్షకు వస్తారు. ఎంతమందికి ఆ బాణం గుర్తు కిందికి చూపిస్తుందో ఊహించడం కష్టం కాదు.

తగ్గినది తిరిగి వస్తుందా? ఈ అంశం మీద ఉన్న అధ్యయనాలన్నిటినీ కలిపి ఇటలీ పరిశోధకులు 2013లో లెక్కించారు. తిండి అదుపుతో బరువు తగ్గినవాళ్లలో టెస్టోస్టిరాన్ సగటున డెసిలీటరుకు 80 నానోగ్రాములకు పైగా పెరిగింది. బేరియాట్రిక్ శస్త్రచికిత్సతో బాగా తగ్గినవాళ్లలో పెరుగుదల 250 దాకా ఉంది. 250 దగ్గర ఆగిపోయిన మనిషికి ఈ రెండో అంకె రెట్టింపుతో సమానం. వయసు ఒక్కటే కారణమైతే కత్తి పెట్టి పొట్ట తగ్గిస్తే ఇది జరగకూడదు. ఆ మనిషికి శస్త్రచికిత్స తర్వాత వయసు పెరిగిందే గానీ తగ్గలేదు కదా.

ఇక మందు సంగతి. అమెరికాలో 65 దాటి, టెస్టోస్టిరాన్ తక్కువగా ఉన్న 790 మందికి ఏడాదిపాటు జెల్లు ఇచ్చి చూశారు. 2016లో వచ్చిన ఫలితాల ప్రకారం లైంగిక జీవితం ఓ మోస్తరుగా మెరుగుపడింది. నీరసం మీద, నడిచే దూరం మీద చెప్పుకోదగ్గ లాభం తేలలేదు. ఆ నీరసం కోసమే చాలామంది ఈ మందు దగ్గరికి వస్తారు. 2023లో వెలువడిన ‘ట్రావర్స్’ ప్రయోగంలో 45 నుంచి 80 ఏళ్ల మధ్య 5 వేల మందికి పైగా పాల్గొన్నారు. గుండెపోటు, పక్షవాతం మందు వల్ల పెరగలేదు. అది ఊరటే. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీలకు హఠాత్తుగా దెబ్బ తగలడం మందు వాడినవాళ్లలో ఎక్కువగా కనిపించాయి. ఎముకలు గట్టిపడతాయన్న ఆశకు విరుద్ధంగా ఎముకలు విరగడమూ వాళ్లలోనే ఎక్కువ. ఆ ప్రయోగంలో చేరినవాళ్ల సగటు బీఎంఐ 35. అంటే అది వయసు మీద జరిగిన ప్రయోగం ఎంతో, ఊబకాయం మీద జరిగిన ప్రయోగమూ అంతే.

మందు పక్షాన బలమైన సాక్ష్యం ఆస్ట్రేలియాది. నడుము 95 సెంటీమీటర్లు దాటిన, షుగరు అంచున ఉన్న 1,007 మంది మగవాళ్లందరికీ బరువు తగ్గే కార్యక్రమం పెట్టి, సగం మందికి టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్లు, సగం మందికి ఉత్తుత్తి ఇంజెక్షన్లు ఇచ్చారు. రెండేళ్ల తర్వాత షుగరు వ్యాధి ఉత్తుత్తి మందు వైపు 21 శాతం మందిలో, అసలు మందు వైపు 12 శాతం మందిలో ఉంది. ఈ తేడాను చిన్నచూపు చూడకూడదు. అదే సమయంలో మందు పుచ్చుకున్నవాళ్లలో 22 శాతం మందికి రక్తంలో ఎర్రకణాల వాటా భద్రతా హద్దు దాటి రక్తం చిక్కబడింది. ఇంజెక్షన్లు ఆపాక సొంత హార్మోను తయారీ కోలుకోవడానికి నెలల తరబడి పట్టింది. ఇంకో మాట: అక్కడ ఉత్తుత్తి మందు పుచ్చుకున్నవాళ్లలోనూ నూటికి 79 మందికి రెండేళ్ల చివర షుగరు వ్యాధి లేదు. బరువు తగ్గే కార్యక్రమం అందరికీ ఉంది. భారతదేశంలో మధ్యతరగతి ఉద్యోగికి ఇంజెక్షను దొరికినంత తేలిగ్గా ఆ కార్యక్రమం దొరకదు.

అన్నిటికన్నా ఆందోళన కలిగించేది చిన్నవయసువాళ్ల విషయం. బయటినుంచి టెస్టోస్టిరాన్ వస్తే మెదడు తన ఆజ్ఞ ఆపేస్తుంది. వృషణాల లోపల హార్మోను ఎండిపోతుంది, దాంతో శుక్రకణాల తయారీ ఆగిపోతుంది. ఈ సంగతి ఎంత ఖాయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మగవాళ్ల గర్భనిరోధక పద్ధతిగా పరీక్షించింది. 1990లో ప్రచురించిన ఆ అధ్యయనంలో వారానికి ఒక ఇంజెక్షను తీసుకున్న 271 మందిలో 157 మందికి ఆరు నెలల్లోపే వీర్యంలో శుక్రకణాలు పూర్తిగా కనపడకుండా పోయాయి. ఇప్పుడు ముప్ఫై ఐదేళ్ల వాడొకడు, పెళ్లయి నాలుగేళ్లు, పిల్లల కోసం ఎదురుచూస్తూ, బరువు పెరిగి, నీరసంగా ఉందని పరీక్ష చేయించుకుంటే అంకె తక్కువ వచ్చిందనుకోండి. ‘మగతనం’ పెంచుకుందామని జిమ్‌లో ఎవరో చెప్పిన ఇంజెక్షను మొదలుపెడితే, అతను తెలియకుండా గర్భనిరోధక మందు వాడుతున్నట్టే. మానేస్తే చాలామందిలో తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, కొందరికి అంతకన్నా ఎక్కువ కాలం. ఆ నెలల్లో ఇంట్లో మాటలు పడేది ఎక్కువగా భార్యే.

లైంగిక శక్తి పెంచుతామనే మందుల ప్రకటనలను 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమిడీస్ చట్టం నిషేధించింది. గోడల మీద రాతల కాలంలో పుట్టిన ఆ చట్టం ఫోన్ తెరల మీద ‘ఎనర్జీ’, ‘స్టామినా’ అనే మారుపేర్లతో వచ్చేవాటిని పట్టుకోలేకపోతోంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2015లోనే, వయసు వల్ల మాత్రమే తగ్గిన టెస్టోస్టిరాన్‌కు ఈ మందులను ఆమోదించలేదని లేబుళ్ల మీద స్పష్టంగా రాయించింది. ఇక్కడి మందుల పెట్టెల మీదా రోగికి అర్థమయ్యే భాషలో అలాంటి మాట ఉండాలి. శుక్రకణాలు ఆగిపోతాయన్న హెచ్చరిక అంతకన్నా పెద్ద అక్షరాల్లో ఉండాలి.

వీటన్నిటి అర్థం టెస్టోస్టిరాన్ లోపమే అబద్ధమని కాదు. పిట్యూటరీలో గడ్డలు ఉన్నవాళ్లు, అదనపు ఎక్స్ క్రోమోజోముతో పుట్టినవాళ్లు, వృషణాలు దెబ్బతిన్నవాళ్లు, చిన్నప్పుడు గవదబిళ్లలు వృషణాలకు పాకినవాళ్లు ఉన్నారు. వాళ్లకు ఈ హార్మోను నిజంగా కావాలి, ఆలస్యం కాకూడదు. ‘పొట్ట తగ్గించుకో’ అని వాళ్లను పంపేయడం ఇంకో రకం నిర్లక్ష్యం. లావుగా ఉన్నంత మాత్రాన ఎల్‌హెచ్ పరీక్ష అక్కర్లేదని కాదు, లావుగా ఉన్నవాడికే అది మరింత అవసరం. పరీక్షకూ పద్ధతి ఉంది. ఉదయం, పరగడుపున, రెండు వేర్వేరు రోజుల్లో రక్తం ఇవ్వాలి. టిఫిన్ చేసి మధ్యాహ్నం ఇచ్చిన రక్తంలో అంకె సహజంగానే తక్కువ వస్తుంది. జ్వరంలోనో, ఆపరేషను అయిన వారంలోనో తీసిన అంకెను నమ్మకూడదు. ఆరోగ్యంగా ఉన్న, ఊబకాయం లేని యువకుల్లో 264 నుంచి 916 దాకా ఏదైనా మామూలే కాబట్టి, 300 అంకె చూసి కంగారుపడే ముందు లక్షణాలు ఉన్నాయా అని అడగాలి.

బరువు తగ్గడం చెప్పినంత తేలిక కాదన్న వాదన ఎప్పుడూ వస్తుంది. నిజమే. పన్నెండు గంటల కుర్చీ ఉద్యోగం, రెండు గంటల ట్రాఫిక్, నడవడానికి ఫుట్‌పాత్ లేని ఊరు, రాత్రి పదింటికి పెద్ద భోజనం, ఇవన్నీ ఒక మనిషి బద్ధకం లెక్కలో వేయలేం. కాబట్టే దీన్ని హార్మోను డాక్టరు గదిలో తేలే సమస్యగా చూడకూడదు. గురక ఉన్నవాడికి నిద్ర పరీక్ష, షుగరు అంచున ఉన్నవాడికి ఆహార నిపుణుల సలహా ప్రభుత్వ ఆసుపత్రిలో అందుబాటులో ఉంటే, టెస్టోస్టిరాన్ పరీక్షల్లో చాలావాటి అవసరం దానంతటదే తగ్గుతుంది.

టేపు మాత్రం ఇప్పటికే జనం దగ్గరికి చేరుతోంది. ముప్ఫై దాటిన ప్రతి ఒక్కరి కోసం ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి నింపే ఫారంలో నడుము కొలత ఒక ప్రశ్న. మగవాళ్లకు 90 సెంటీమీటర్ల లోపు ఉంటే సున్నా మార్కు, 91 నుంచి 100 దాకా ఒకటి, వంద దాటితే రెండు. ఆ కొలతకు పైసా ఖర్చు లేదు. కానీ ఆమె వచ్చే వేళకు మగవాళ్లు పనిలో ఉంటారు. ఇంట్లో ఉన్నా ఆడమనిషి ముందు చొక్కా ఎత్తి నడుము కొలిపించుకోవడానికి మొహమాటపడేవాళ్లు ఉంటారు, ‘ఎంతుంటుందో రాసుకోమ్మా’ అనేవాళ్లూ ఉంటారు. ఆదివారం పూటో, ఫ్యాక్టరీ గేటు దగ్గరో, ఆటో స్టాండులోనో మగ ఆరోగ్య కార్యకర్త చేత ఆ కొలత తీయించే ఏర్పాటు చేయడానికి కొత్త పథకమేమీ అక్కర్లేదు. ఫారం ఉంది, టేపు ఉంది. మగవాళ్లు దొరికే వేళను మాత్రం ఆరోగ్య శాఖ చూసుకోవాలి.